బాగా చూసుకున్న సెయిల్ బోటు అమ్మడం: అనాపొలిస్‌లో బోటు పెట్టుకుని చిత్తూరుకి తిరిగొస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివినాను. చిత్తూరు మనిషివి, మేరీల్యాండ్‌లో ఉద్యోగం, నాన్నగారి ఒంట్లో బాగాలేక జూన్‌లో అందరూ మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తా ఉండారు, అనాపొలిస్ దగ్గర స్లిప్‌లో (బోటు కట్టేసుకునే అద్దె జాగా) 1989 నాటి క్యాటలినా 34 సెయిల్ బోటు ఉంది, దాని మీద ఇప్పటికి 22 వేల డాలర్లు పెట్టినావు కాబట్టి 55 వేలకి తగ్గకూడదు అనుకుంటా ఉండావు. బ్రోకర్ కావాలా వద్దా, జూన్ లోపల పోకపోతే చిత్తూరు నుంచే అమ్మొచ్చా, అసలు బోటునే మద్రాసుకి తెప్పించుకుంటే ఎట్లా ఉంటుంది అని అడిగినావు. నేను బాల్టిమోర్‌లో ఉన్నన్నాళ్ళూ అదే నీళ్ళలో సెయిలింగ్ చేసినవాణ్ణి, నా బోటు అక్కడే అమ్మి తిరుపతికి వచ్చినాను, తర్వాత మనవాళ్ళు కొంతమందికి అమ్మడంలో సాయం కూడా చేసినాను. అందుకే కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు మద్రాసు సంగతి తేల్చేద్దాం. 34 అడుగుల బోటు మాస్ట్ (తెరచాప స్తంభం) దించి, ఓడ మీద ఎక్కించి, ఇక్కడ కస్టమ్స్ కట్టి, రిజిస్ట్రేషన్ చేయించుకోవడం అంటే ఆ ఖర్చు బోటు విలువని దాటినా ఆశ్చర్యపోవద్దు. సరే తెచ్చినావు, ఎక్కడ పెడతావు? మద్రాసు హార్బర్‌లో 1911 నుంచి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, కానీ అక్కడ ఎక్కువగా నడిచేది చిన్న చిన్న డింగీలు. నీ సైజు బోటు కట్టేసి కరెంటూ నీళ్ళూ ఇచ్చే మెరీనా కావాలంటే కొచ్చిలో బోల్గాట్టి దాకా పోవాల. నాన్నగారిని చూసుకోవడానికి వస్తా ఉండావు, వారం వారం కొచ్చికి పోలేవు కదా. ఆ ఆలోచన వదిలేయి.

ఇప్పుడు రేటు. ఇక్కడ నీకు నచ్చని మాటే చెప్పాల. నువ్వు పెట్టిన 22 వేలు రేటులో తిరిగి రావు. మన చిత్తూరు మండీకి తోతాపురి లోడు తోలుకుపోతే తోటకి ఎంత ఎరువేసినావు, ఎన్ని మందులు కొట్టినావు అని ఎవుడూ అడగడు, ఆ రోజు రేటే రేటు, కాకపోతే మచ్చ లేని కాయ ముందు పోతుంది. బోటూ అంతే. క్యాటలినా 34 అంటే 1986 నుంచి ఇరవై ఏళ్ళకి పైగా వెయ్యికి మించి తయారు చేసిన మోడల్, కొనేవాడికి అదే కాలం బోట్లు ఎప్పుడూ నాలుగైదు కనిపిస్తానే ఉంటాయి, వాటి పక్కన పెట్టే నీది చూస్తాడు. నాకు తెలిసినంతలో ఆ వయసు బోట్లు మంచి కండిషన్‌లో ఉంటే 30 వేల ప్రాంతంలోనో, ఇంకొంచెం పైనో పోతా ఉంటాయి. 55 అని పెడితే ఫోన్ కూడా రాదు, రెండు నెలలయినాక తగ్గించినావంటే అప్పటికి లిస్టింగ్ పాతబడిపోతుంది, దీంట్లో ఏదో లోపం ఉంది, అందుకే పోలేదు అనుకుంటారు. వెబ్‌సైట్లలో కనిపించే రేట్లు అమ్మేవాళ్ళు అడిగే రేట్లు, అవి చూసి లెక్కేసుకోవద్దు. నిజంగా ఎంతకి పోయినాయి అనే లెక్క బ్రోకర్ల దగ్గర ఉండే సోల్డ్ బోట్స్ డేటాలో దొరుకుతుంది. బ్రోకర్‌కి ఇవ్వకపోయినా ఒకరిద్దరిని పిలిచి బోటు చూపించు, రేటు చెప్పేటప్పుడు ఆ డేటా ఎట్లాగూ బయటికి తీస్తారు.

మరి బాగా చూసుకున్నందుకు ఫలితం ఏంది అంటావా? మూడు చోట్ల వస్తుంది. నాలుగు బోట్లు చూసినోడు నీ దగ్గర ఆగిపోతాడు, సర్వే (కొనేవాడు పెట్టుకున్న నిపుణుడు బోటంతా పరీక్షించడం) అయినాక రేటు కోయడానికి వాడికి సాకు దొరకదు, అన్నిటికంటే ముఖ్యంగా తొందరగా పోతుంది. బోటు అమ్ముడుపోకుండా కూర్చుంటే స్లిప్ అద్దె, ఇన్సూరెన్స్, మళ్ళీ చలికాలం వస్తే నీళ్ళలోంచి తీయడం, వింటరైజ్ చేయడం (చలికి పాడవకుండా సిద్ధం చేయడం), యార్డులో పెట్టడం, వసంతంలో మళ్ళీ బాటమ్ పెయింట్. ఈ బిల్లులన్నీ ఒక కాగితం మీద నెలవారీగా వేసి చూడు, 2 వేలు తగ్గించి మే నెలలో ఇచ్చేయడం లాభమో కాదో నీకే తెలుస్తుంది.

అసలు కష్టం ఏందంటే, నువ్వు బాగా చూసుకున్నావని నీకు తెలుసు, కొనేవాడికి తెలియదు. వెల్ మెయింటెయిన్డ్ అని ప్రతి లిస్టింగ్‌లోనూ రాస్తారు, తుప్పుపట్టి మూలన పడున్న బోటుకీ అదే మాట. కాబట్టి ఆ మాట నువ్వు రాయనే వద్దు, రుజువు చూపించు. ఒక ఫైల్ తయారు చెయ్యి. ఏ ఏడాది ఏం చేసినావు, ఇంజిన్ అవర్స్ ఎంత ఉన్నప్పుడు ఆయిల్ మార్చినావు, ఇంపెల్లర్ (నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు చక్రం) ఎప్పుడు మార్చినావు, ఇంజిన్ చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో తుప్పు ఆపే జింక్ ముక్క ఎప్పుడు వేసినావు, సెయిల్స్ ఏ లాఫ్ట్‌లో (సెయిల్స్ కుట్టే షాపులో) ఎప్పుడు కుట్టించినావు, స్టాండింగ్ రిగ్గింగ్ (మాస్ట్‌ని పట్టి నిలబెట్టే స్టీల్ వైర్లు) ఏ సంవత్సరం మార్చినావు, ప్రతిదానికీ బిల్లు. బిల్లు పోయుంటే ఆ షాపుకి మెయిల్ పెట్టు, చాలా చోట్ల పాతవి కంప్యూటర్‌లో ఉంటాయి, తీసి పంపుతారు. రిగ్గింగ్ బిల్లు మాత్రం ఎట్లయినా సంపాదించు, ఎందుకంటే ఆ స్టీల్ వైర్లు 10, 15 ఏళ్ళు దాటితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు కొత్త ఓనర్‌కి పాలసీ ఇచ్చే ముందు ప్రశ్నలు వేస్తాయి, మార్చమని కూడా అడుగుతాయి. నువ్వు మార్చి ఐదేళ్ళయింది అని రాసినావు కదా, చేతిలో బిల్లుంటేనే ఆ మాటకి విలువ, లేకపోతే సర్వేయర్ వయసు తెలియదు అని రాసేస్తాడు, కొనేవాడు వెంటనే కొన్ని వేలు తగ్గించమంటాడు.

ఇంజిన్ గురించి. నీది యూనివర్సల్ ఎం25 ఎక్స్‌పీ అయ్యుండాల, 23 హార్స్‌పవర్, లోపల బ్లాక్ కుబోటా వాళ్ళది, మన పక్క పొలాల్లో తిరిగే ట్రాక్టర్ల కంపెనీనే. చాలా గట్టి ఇంజిన్. అవర్స్ ఎక్కువ ఉన్నాయని సిగ్గుపడి దాచొద్దు, క్రమంగా నడిచి క్రమంగా ఆయిల్ మారిన డీజిల్‌కి 2 వేల గంటలు పెద్ద వయసు కాదు, ముప్పై ఏళ్ళలో 500 గంటలే నడిచి మిగతా కాలం ఉప్పు నీళ్ళు లోపల పెట్టుకుని ఖాళీగా కూర్చున్న ఇంజిన్‌కే నేనయితే భయపడతా. ఇప్పుడే ఆయిల్ శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపు, కొన్ని డాలర్ల పని, ఆ రిపోర్ట్ ఫైల్‌లో ఉంటే కొనేవాడి గుండె సగం కుదుటపడుతుంది. ఇంకోటి, ఆ కాలం యూనివర్సల్ ఇంజిన్లకి ప్యానెల్ నుంచి వచ్చే వైరింగ్‌లో ప్లగ్ కనెక్టర్లు ఉండేవి, అవి తుప్పుపట్టి వేడెక్కుతాయని క్యాటలినా ఓనర్లందరికీ తెలుసు. అవి తీసేసి మార్చినావా లేదా చూసుకో. మార్చుంటే ఫోటో పెట్టు, తెలిసినోడు ఆ ఒక్క ఫోటో చూసి నువ్వు ఎట్లాంటి ఓనరో అర్థం చేసుకుంటాడు.

క్యాటలినాలకి ఇంకో పేరుమోసిన జబ్బు, కింద బరువుగా ఉండే సీసం కీల్‌కీ హల్‌కీ (బోటు ఒళ్ళు) మధ్య అతుకు దగ్గర ముందువైపు సన్నటి పగులు రావడం. అక్కడివాళ్ళు దాన్ని క్యాటలినా స్మైల్ అంటారు. చాలా వరకు కీల్ బోల్టులు సరైన బలంతో బిగించి, అతుకు శుభ్రం చేసి మళ్ళీ ఫిల్ చేస్తే సరిపోతుంది, కానీ పైన పెయింట్ పూసి కప్పెట్టినావంటే సర్వేయర్ గోకి చూస్తాడు, అప్పుడు నీ మాట మీద నమ్మకం పోతుంది, ఆ తర్వాత నువ్వు నిజం చెప్పినా నమ్మడు. ఉంటే ఉందని రాయి, చేయించుంటే ఎప్పుడు చేయించినావో రాయి. హల్ సాలిడ్ ఫైబర్‌గ్లాస్ కాబట్టి అక్కడ పెద్ద భయం లేదు, డెక్‌లో మాత్రం రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క కోర్ ఉంటుంది, స్టాంచన్లూ (అంచు రెయిలింగ్ కంబాలు) చైన్‌ప్లేట్లూ (రిగ్గింగ్ వైర్లు తగిలించే ప్లేట్లు) బిగించిన చోట్ల సీలెంట్ ఎండిపోయి నీళ్ళు దిగితే అది లోపలే మెత్తబడుతుంది. సర్వేయర్ చిన్న సుత్తితో తట్టుకుంటా, మాయిశ్చర్ మీటర్ పెట్టుకుంటా డెక్కంతా తిరుగుతాడు. ఆ పని నువ్వే ముందు చెయ్యి, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో తట్టినా టంగుమనే చోటికీ డొల్లగా డబ్బుమనే చోటికీ తేడా చెవికి తెలిసిపోతుంది. లీకయ్యే ఫిట్టింగులు ఒక శనివారం పెట్టుకుని తీసి, బ్యూటైల్ టేప్ వేసి మళ్ళీ బిగించు. పెద్ద ఖర్చు కాదు, ఓపిక కావాల అంతే.

అన్నిటికంటే ముందు వాసన. నేను చూసినంతలో ఇంజిన్ వల్లా సెయిల్ వల్లా తప్పిన బేరాల కంటే క్యాబిన్‌లో దిగినాక వచ్చిన వాసనతో తప్పినవే ఎక్కువ. మెట్లు దిగినప్పుడు ఇంట్లో ఆవిడ ముక్కు ముడిచిందంటే ఆయనకి ఎంత నచ్చినా వెనక్కి పోతారు. టాయిలెట్ హోసులు పాతబడి వాసన లోపల్నుంచి పట్టేసుంటాయి, తడిగుడ్డతో గట్టిగా తుడిచి ఆ గుడ్డ వాసన చూడు, వస్తే మార్చేయి. హోల్డింగ్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు చేరేది) కడిగించు. బిల్జ్‌లో (బోటు అట్టడుగున నీళ్ళు చేరే చోటు) పాత డీజిల్, ఆయిల్ మరకలు లేకుండా అన్నం పెట్టుకుని తినేంత శుభ్రం చెయ్యి, ఎందుకంటే ఫ్లోర్ బోర్డు ఎత్తి చూడని కొనుగోలుదారుడు ఉండడు. కుషన్లు అన్నీ ఎండలో వేసి ఆరబెట్టు. పోపు డబ్బా, ఊరగాయ జాడీ, వాటి సంచీలు అన్నీ ముందే ఇంటికి చేర్చు, ఇంగువ వాసన మనకి ఇల్లు, వాళ్ళకి కొత్త. నావ్ టేబుల్ (దారి మ్యాపులు పెట్టుకునే బల్ల) పైన వెంకటేశ్వర స్వామి పటం పెట్టుకున్నానని రాసినావు, దాన్ని మొదటి ఫోటో తీయకముందే భక్తిగా ఇంటికి తీసుకుపో. అమ్మే బోటులో నీ వస్తువులు ఎంత తక్కువుంటే చూసేవాడు తన వస్తువులు అక్కడ ఊహించుకోవడం అంత తేలిక, పైగా బేరం కుదిరే హడావుడిలో పటం అక్కడే మరిచిపోతే నీ మనసు ఎంత బాధపడుతుందో నాకు తెలుసు.

ఫోటోలు యాభైకి తగ్గకుండా పెట్టు. ఇంజిన్ నాలుగు వైపులా, బిల్జ్, బ్యాటరీల వైరింగ్, సీకాక్‌లు (బోటు ఒంటికి ఉండే నీళ్ళ వాల్వులు), చైన్‌ప్లేట్లు, సెయిల్స్ పూర్తిగా విప్పినవి, నీళ్ళలోంచి తీసినప్పటి అడుగు భాగం. సూర్యాస్తమయం ఫోటో ఒకటి చాలు. లిస్టింగ్‌లో కీల్ ఏ రకమో మొదటి వరుసలోనే రాయి. అనాపొలిస్ ఉన్న చీసపీక్ బే సగటు లోతు 21 అడుగులే, క్రీక్‌ల లోపల ఇంకా తక్కువ, నీది లోతు తక్కువ తీసుకునే వింగ్ కీల్ అయితే అక్కడివాళ్ళు దానికోసమే వెతుకుతారు. ఫిన్ కీల్ అయినా బాధ లేదు, గాలికి ఎదురు బాగా పోతుందని తెలిసినవాళ్ళు అదే కోరుకుంటారు. లోపాలు కూడా అక్కడే రాయి, చార్ట్‌ప్లాటర్ (దారి చూపించే స్క్రీన్) పాతది, బిమిని గుడ్డ (నీడకి వేసే పైకప్పు) మార్చాల, ఇట్లా. వంద మైళ్ళు కారు తోలుకుని వచ్చినోడికి నువ్వు రాసిందే కళ్ళ ముందు కనిపిస్తే అక్కడే సగం బేరం అయిపోతుంది.

చూడ్డానికి వచ్చినోడు తొలిరోజే సెయిలింగ్‌కి తీసుకుపొమ్మంటే వద్దని మర్యాదగా చెప్పు. అక్కడ పద్ధతి ఏందంటే ముందు రేటు ఒప్పుకుని కాగితం మీద సంతకం, 10 శాతం డిపాజిట్, ఆ తర్వాతే సర్వే, సీ ట్రయల్ (నీళ్ళ మీద నడిపి చూడడం). సర్వే ఖర్చూ, బోటు పైకి లేపే హాలౌట్ ఖర్చూ కొనేవాడివే. శామ్స్ లేదా నామ్స్ (అక్కడి సర్వేయర్ల సంఘాలు) సభ్యత్వం ఉన్న సర్వేయర్‌ని వాడే పెట్టుకుంటాడు, నువ్వు పేరు చెప్పొద్దు. ఆ రోజు ఇంజిన్ ముందుగా వేడి చేసి పెట్టొద్దు, సర్వేయర్ రాగానే చెయ్యి పెట్టి చూస్తాడు, వేడిగా ఉందంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదేమో అని అనుమానం వస్తుంది. చల్లటి ఇంజిన్ ఒక్క తిప్పుకి అందుకుని వెనక నుంచి నీళ్ళు చిమ్మితే అదే నీ తరఫున మాట్లాడుతుంది. చిన్న చిన్నవాటిలో దొరికిపోకుండా చూసుకో. ఫ్లేర్లకి (ఆపదలో వెలిగించే సిగ్నల్ మంటలు) తయారయిన తేదీ నుంచి 42 నెలలే గడువు, వాడి పారేసే రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు 12 ఏళ్ళు దాటితే చెల్లవని 2022 ఏప్రిల్ నుంచి కోస్ట్ గార్డ్ రూల్ ఉంది. ఇవి కొత్తవి పెట్టడానికి పెద్దగా కాదు, కానీ రిపోర్ట్‌లో ఎర్ర గీతలు తగ్గుతాయి.

రిపోర్ట్ ఎంత మంచి బోటుకయినా పది పేజీలు దాటే వస్తుంది, కంగారు పడొద్దు. కొనేవాడు అది పట్టుకుని రేటు తగ్గించమంటాడు. నీ మనసులో ముందే ఒక గీత గీసుకో. నీకు తెలియకుండా బయటపడిన ప్రమాదకరమైన లోపం, సీకాక్ ఊడేట్టుంది, గ్యాస్ లైన్ లీకవుతుంది, ఇట్లాంటిది అయితే బాగుచేసి ఇవ్వు లేదా ఆ మేరకు తగ్గించు, అది న్యాయం. ముప్పై ఏళ్ళు దాటిన బోటుకి వయసు తెచ్చినవి, జెల్‌కోట్ (పై పూత) మెరుపు పోయింది, కిటికీ అద్దం మీద గీతలు, వీటికి మాత్రం ఒక్క డాలర్ కూడా వద్దు, అవన్నీ ముందే లెక్కేసి పెట్టిన రేటు ఇది అని చెప్పు.

బ్రోకర్ సంగతి. కమిషన్ మామూలుగా 10 శాతం. నువ్వు అక్కడే ఉండేట్టయితే సొంతంగా అమ్ముకోమనే చెప్పేవాణ్ణి, ఈ మోడల్‌కి ఓనర్ల సంఘం ఉంది, గ్రూపులు ఉన్నాయి, కొనేవాళ్ళు వాటిలోనే వెతుకుతారు. నీ విషయంలో నా మాట ఇది, మార్చి, ఏప్రిల్ రెండు నెలలు సొంతంగా ప్రయత్నించు, అక్కడ కొనేవాళ్ళు కదిలేది సీజన్ మొదలయ్యే ముందే, మే మొదటికి కాగితం మీద సంతకం పడకపోతే ఆలోచించకుండా బ్రోకర్‌కి అప్పగించు. చిత్తూరులో కూర్చుని తొమ్మిదిన్నర గంటల టైమ్ తేడాతో సీ ట్రయల్ నడపలేవు. బోటు చూపించాల, వాన పడితే పోయి బిల్జ్ పంపు ఆడుతుందో లేదో చూడాల, ఆగస్టు నుంచి తుఫాన్లు ఎక్కువ, తాళ్ళు రెట్టింపు చేయాల, ఇవన్నీ ఎవరో ఒకరు చేయాల్సిన పనులు. స్నేహితుడు చూసుకుంటాడు అనుకోవద్దు, మొదటి నెల చూస్తాడు. ఓనర్ దేశంలో లేడని ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే రాసి ఒప్పించుకో, చేతులు మారే రోజు దాకా పాలసీ ఆపొద్దు.

కాగితాలు ఇప్పుడే బయటికి తీయి. కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ (కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్) అమెరికా పౌరులకే, గ్రీన్ కార్డు ఉన్నా కుదరదు, కాబట్టి నువ్వు పౌరసత్వం తీసుకోకపోతే నీ బోటు మేరీల్యాండ్ డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) టైటిల్ (యాజమాన్య పత్రం) మీదే ఉంటుంది. కానీ నీకంటే ముందున్న ఓనర్ డాక్యుమెంటేషన్ చేయించుంటే అది సరిగ్గా రద్దయిందా, పాత లోన్ తీరినట్టు నమోదయిందా అని అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ (పాత ఓనర్లూ అప్పులూ ఉండే చరిత్ర కాగితం) తెప్పించి చూసుకో, ఆఖరి వారంలో ఇదే బయటపడి బేరాలు నెలలు సాగుతాయి. బోటు వెనక కుడివైపు పైన 12 అక్షరాల హల్ నంబర్ ఉంటుంది, టైటిల్ మీద ఉన్నదానితో ఒక్కో అక్షరం సరిచూడు. నీ పేరు పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుతో ఒక రకంగా, టైటిల్‌లో ఇంకో రకంగా ఉంటే అదీ ఇప్పుడే సరిచేయించు, మన పేర్లతో ఈ తలనొప్పి మామూలే.

బయల్దేరే ముందు నమ్మకమైన మనిషి పేరు మీద బోటు అమ్మకానికి మాత్రమే పనికొచ్చే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడే నోటరీ చేయించి పెట్టు. ఇక్కడికి వచ్చినాక అయితే మద్రాసు అమెరికన్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని పోవాల, లేదా ఇక్కడ నోటరీ చేయించి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేట్టు వేసే ప్రభుత్వ ముద్ర) తెచ్చుకోవాల, రెండూ అయ్యే పనులే కానీ కొనేవాడు అన్ని రోజులు ఆగడు. అమెరికా బ్యాంక్ అకౌంట్ మూసేయొద్దు. డబ్బు వైర్ ద్వారానే, బ్రోకర్ ఉంటే వాళ్ళ ఎస్క్రో (బేరం పూర్తయ్యేదాకా డబ్బు పట్టి ఉంచే ఖాతా) ద్వారా. చూడకుండానే కొంటాను, రేటు కంటే ఎక్కువకి క్యాషియర్స్ చెక్ పంపుతాను, మిగతాది నా ట్రాన్స్‌పోర్ట్ వాడికి పంపు అనేవాడు నూటికి నూరు పాళ్ళూ దొంగ, సమాధానం కూడా ఇవ్వొద్దు. కొన్నదానికంటే తక్కువకే అమ్ముతావు కాబట్టి లాభం మీద టాక్స్ గొడవ రాదు, ఆ నష్టాన్ని కూడా సొంత వాడకపు వస్తువు కాబట్టి చూపించుకోలేవు, ఒకసారి అక్కడి సీపీఏతో (టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్) మాట్లాడుకో. కొనేవాడు కట్టాల్సిన 5 శాతం ఎక్సైజ్ టాక్స్ వాడి బాధ్యత, నీ రేటులో కలపమంటే ఒప్పుకోవద్దు.

ఈ వారం చేయాల్సింది ఆయిల్ శాంపిల్ పంపడం, రిగ్గింగ్ బిల్లు వెతకడం, డెక్ తట్టి చూడడం. కీల్ ఏ రకమో, ఇంజిన్ అవర్స్ ఎంతో, మెయిన్‌సెయిల్ ఏ సంవత్సరానిదో కింద రాయి, అప్పుడు రేటు ఇంకొంచెం దగ్గరగా చెప్తాను. లిస్టింగ్ పెట్టే ముందు కూడా ఒకసారి ఇక్కడ పెట్టు, చదివి ఎక్కడ ఏం తగ్గిందో చెప్తాను. నాన్నగారికి తొందరగా నయం కావాలని కోరుకుంటా ఉండాను.